ట్రైలర్ లైటు వెలగకపోతే ముందు తెల్ల వైరు పట్టుకోండి

(క్యాంపర్ ట్రైలర్లు ఉన్నవాళ్ళు, ట్రాక్టర్ డ్రైవర్లు, ఐటీఐ విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో, కడపలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ టేబుల్ మీద నేను చూపించేవన్నీ చిన్న సామాన్లు. అంత దూరం నుంచి కనబడవు.

ఈ మధ్య గండికోటకు కారు వెనక క్యాంపర్, అంటే లోపల పడుకునే వసతి ఉన్న ట్రైలర్, తగిలించుకుని వచ్చేవాళ్ళు కనబడుతున్నారు. కొందరు బయట కొన్నారు, కొందరు మన ఊర్లోనే వెల్డింగ్ షాపులో కొలతలిచ్చి చేయించుకున్నారు. జమ్మలమడుగు దాటాక రాత్రిపూట ఆ రోడ్డు ఎంత చీకటో మీకు చెప్పక్కర్లేదు. చెనక్కాయల కాలంలో ట్రాక్టర్ ట్రాలీలు కూడా అవే రోడ్ల మీద తిరుగుతుంటాయి. వెనక ఎర్ర లైటు లేకపోతే, వచ్చేవాడికి ముందు బండి ఉందని తెలిసేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు. అందుకే ఈ సభ పెట్టినవాళ్ళు మీ అందరినీ ఒకచోట కూర్చోబెట్టారు. మంచి పని చేశారు. లైట్ల వరకూ చూస్తే క్యాంపర్‌కూ ట్రాలీకీ పెద్ద తేడా లేదు. ముందు బండికి ఒక సాకెట్టు, దానికో ప్లగ్గు, ప్లగ్గు నుంచి ఏడు వైర్లు, చివర రెండు ల్యాంపులు. అంతే.

నా దగ్గరికి వచ్చే కంప్లైంట్లు ఎట్లా ఉంటాయో చెప్తాను. "అన్నా, బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలుగుతోంది." "ఎడమ ఇండికేటర్ వేస్తే కుడివైపు కూడా సన్నగా కొట్టుకుంటోంది." "ఒక్కొక్కటి వేస్తే వెలుగుతాయి, అన్నీ కలిపి వేస్తే మొత్తం ఆరిపోతాయి." వినేవాళ్ళకు ఇది దయ్యం పట్టిన బండిలాగా ఉంటుంది. వైరింగ్ మొత్తం మార్చాలని ఎవరో చెప్పి ఉంటారు, పాపం వాళ్ళు టెన్షన్ పడి వచ్చి ఉంటారు. ఈ మూడు కంప్లైంట్లకూ కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. ఎర్త్ తెగింది, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే దారి తెగింది.

ఎందుకో చూడండి. ఈ ల్యాంపు చూశారు కదా, ఇందులో రెండు బల్బులు. ఒకటి ఇండికేటర్‌ది, 21 వాట్లు. రెండోదాంట్లో రెండు ఫిలమెంట్లు, బ్రేకుకు 21 వాట్లు, టెయిల్‌కు, అంటే రాత్రిపూట వెలిగే వెనక ఎర్ర లైటుకు, 5 వాట్లు. మూడు ఫిలమెంట్లకూ ప్లస్ వైర్లు వేరు, కానీ తిరిగి పోయే దారి ఒక్కటే, ఈ తెల్ల వైరు. ఇప్పుడు దీన్ని పీకేస్తున్నాను. బ్రేకు వైరుకు బ్యాటరీ ప్లస్ ఇచ్చాను. కరెంటు బ్రేకు ఫిలమెంటులోకి వెళ్ళింది. తెల్ల వైరులో పోదామంటే అది తెగి ఉంది. ఏం చేస్తుంది? పక్కనున్న ఇండికేటర్ ఫిలమెంటులోకి దూరి, ఆ వైరు పట్టుకుని ముందు బండి దాకా వెనక్కి పోయి, అక్కడి ఇండికేటర్ బల్బు గుండా ఎర్త్ చేరుకుంటుంది. టెయిల్ వైరు గుండా కూడా అట్లాగే పోతుంది. ఇన్ని ఫిలమెంట్లు దాటి పోవాలి కాబట్టి అన్నీ మిణుకుమిణుకుమంటాయి. ఇక టెయిల్, బ్రేకు, ఇండికేటర్లు అన్నీ ఒకేసారి వేశారనుకోండి. అన్ని వైర్లలోనూ ప్లస్సే ఉంటుంది, వెనక్కి పోవడానికి ఏ వైరూ ఖాళీగా ఉండదు. అందుకని అన్నీ ఆరిపోతాయి. ఈ లక్షణం కనబడితే ఇంకేమీ ఆలోచించొద్దు, నేరుగా తెల్ల వైరు దగ్గరికి పోండి.

ఒక మాట. చాలా కొత్త కార్లలో వెనక ల్యాంపులు ఎల్ఈడీవి, వాటిని నడిపించేది కంప్యూటర్. వాటిలో కరెంటు ఇట్లా వెనక్కి పోవడానికి దారి దొరక్కపోవచ్చు. అప్పుడు ఈ తమాషా ఏమీ ఉండదు, ట్రైలర్ లైట్లు నేరుగా చచ్చిపోయి ఉంటాయి. తప్పు అదే, బయటికి కనబడే తీరు వేరు.

అందుకే నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మొదట చెప్పేది, బల్బు విప్పొద్దు, ఫ్యూజు పీకొద్దు, ముందు తప్పు కారులో ఉందా ట్రైలర్‌లో ఉందా తేల్చండి అని. ప్లగ్గు ఊడదీయండి. కారు సాకెట్టులో ఎర్త్ పిన్నుకూ ఇండికేటర్ పిన్నుకూ మధ్య బల్బు పెట్టి చూడండి. ఆ తర్వాత బ్రేకు, టెయిల్. అన్నీ బాగా వెలిగితే కారు మంచిదే. అప్పుడు ట్రైలర్ ప్లగ్గు తీసుకుని, ఇదిగో ఇట్లాంటి పాత బైకు బ్యాటరీతో, మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, మైనస్‌ను తెల్ల పిన్నుకు, ప్లస్‌ను ఒక్కొక్క పిన్నుకూ తాకించండి. ఐదు నిమిషాల పని. ఈ ఐదు నిమిషాలకు ఓపిక లేక సగం రోజు కారు డాష్‌బోర్డు విప్పుకుంటూ కూర్చునే మెకానిక్‌లు ఉన్నారు. ఈ సభలో కూడా ఉన్నారేమో. (నవ్వులు)

గమనించండి, నేను మీటర్ అనలేదు, బల్బు అన్నాను. మీటర్ అందరి దగ్గరా ఉంది, రెండు మూడు వందలకే దొరుకుతోంది. దాన్ని తాకిస్తే 12 వోల్టులు చూపిస్తుంది, "కరెంటు వస్తోంది కదన్నా, బల్బు ఎందుకు వెలగదు" అంటారు. డిజిటల్ మీటర్ తనలోకి దాదాపుగా కరెంటు తీసుకోదు. వైరులో పోగులన్నీ తెగి, చిలుము పట్టిన ఒక్క పోగు అంటీ అంటనట్టు తగులుతున్నా పూర్తి వోల్టేజి చూపిస్తుంది. మీ తోటలో డ్రిప్పు ఉంటుంది కదా. ఫిల్టర్ నిండా మట్టి పట్టి ఉన్నా, అవతలి వాల్వు మూసి గేజీ చూస్తే ప్రెషర్ ఫుల్‌గా ఉంటుంది. వాల్వు తెరిచి నీళ్ళు పారనిస్తే ముల్లు కిందికి పడిపోతుంది. వోల్టేజి కూడా కరెంటు పారుతున్నప్పుడు చూడాలి. 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 1.75 ఆంపియర్లు లాగుతుంది. అట్లా అంటీ అంటనట్టు ఉన్న చోట అంత కరెంటు పారదు, బల్బు డిమ్‌గా వెలుగుతుంది లేదా అసలు వెలగదు, గుట్టు బయటపడుతుంది. ఒక హోల్డర్‌కు రెండు వైర్లు, రెండు క్లిప్పులు వేసి 21 వాట్ల బల్బు పెట్టుకోండి. అంతకు మించిన టెస్టర్ నాకు తెలియదు. ఎల్ఈడీ టెస్టర్లు మాత్రం దీనికి పనికిరావు, అవి కూడా మీటర్ లాగే మోసం చేస్తాయి.

మీటర్ పనికిరాదని కాదు. దాన్ని వాడే తీరు ఉంది. లైట్లు వేసి ఉండగా, మీటర్ నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర వైరు ట్రైలర్ ల్యాంపు ఎర్త్ మీద పెట్టండి. రెండూ ఎర్తే కదా, సున్నా రావాలి. పదో వంతు వోల్టో, రెండు పదో వంతులో వస్తే సరే. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో అడ్డం ఉంది. ఇప్పుడు ఎర్ర వైరును వెనక నుంచి ముందుకు జరుపుకుంటూ రండి. ల్యాంపు, చాసిస్ (ట్రైలర్ ఇనుప చట్రం) బోల్టు, ప్లగ్గులో తెల్ల వైరు, సాకెట్టు పిన్ను, కారు బాడీ. ఎక్కడ ఆ అంకె ఒక్కసారిగా పడిపోతుందో, ఆ రెండు చోట్ల మధ్యనే జబ్బు. ఇది నేర్చుకుంటే మీరు ఇంక ఊహించి పని చేయరు.

ఆ జబ్బు ఎక్కువగా ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడు చూపిస్తాను. ఇదిగో ఈ ప్లగ్గు. ఒక క్యాంపర్‌ది, నాలుగు నెలలు షెడ్డులో ఉంది. మూత తీస్తున్నాను. దగ్గరికి రండి అబ్బాయిలూ, చూడండి. పిన్నుల చుట్టూ ఆకుపచ్చగా పొడి కనబడుతోందా? చిలుము. ఇత్తడి పిన్నులు, రాగి వైర్లు, లోపలికి తేమ పోయింది. ఈ మూడో పిన్ను, అంటే తెల్ల వైరు పిన్ను, దాని స్క్రూ చూడండి, బిగుతుగానే ఉంది, తిరగడం లేదు. కానీ వైరు కొద్దిగా లాగితే... ఇదిగో, ఊడి చేతిలోకి వచ్చేసింది. చివర నల్లగా ఉంది, ఎర్రటి రాగి కనబడదు. ఇంకా ఒక అంగుళం ఇన్సులేషన్ వలిచి చూద్దాం. లోపల కూడా నల్లదే. ఇంకో రెండు అంగుళాలు పోతే గానీ మంచి రాగి రాలేదు. తేమ వైరు లోపల పైకి పాకుతుంది. అందుకని చివర గీకి మళ్ళీ స్క్రూ వేయడం రిపేరు కాదు, వాయిదా. మంచి రాగి వచ్చేదాకా కోసేయాలి. పిన్నులు ఎమిరీ పేపరుతో తోమి, కొద్దిగా వాజిలీన్ పూసి బిగించాలి. ప్లగ్గు మూతి కిందికి ఉండేటట్టు వేలాడదీయాలి, నేల మీద పడేయకూడదు. మన దగ్గర వాన తక్కువ, చిలుము ఎట్లా వస్తుందని అడుగుతారు. బండి కడిగేటప్పుడు ప్రెషర్ పైపు నేరుగా ప్లగ్గు మీద కొడతారు కదా, అట్లా వస్తుంది. దుమ్ము సంగతి మీకే తెలుసు. కందిరీగ మట్టిగూడు కట్టిన సాకెట్లు కూడా నేను చూశాను.

ప్లగ్గు తర్వాత చూడాల్సింది ఎర్త్ బోల్టు. వెల్డింగ్ షాపువాడు చాసిస్‌కు రంగు బాగా వేస్తాడు, అది వాడి పని. ఆ రంగు మీదనే లగ్గు (వైరు చివర ఉండే లోహపు కన్ను) పెట్టి బోల్టు వేస్తే ఎర్త్ రాదు. వచ్చినా ఒక్క మర దగ్గర అంటుకుని వస్తుంది, ఆరు నెలలకు తుప్పు పడుతుంది. రంగు గీకి, ఇనుము మెరిసేదాకా తోమి, పళ్ళున్న వాషర్ వేసి బిగించి, ఆ పైన గ్రీజో రంగో పూయండి. కొందరు తెల్ల వైరే వేయరు. "కొక్కెం ఇనుమే కదా, దాని గుండా ఎర్త్ వస్తుంది" అంటారు. ట్రాలీలలో ఈ అలవాటు మరీ ఎక్కువ. కొక్కేనికి గ్రీజు పూస్తాం, గుంతలో పడితే అది కదులుతుంది. గుంత పడినప్పుడల్లా లైట్లు ఆరి వెలుగుతున్నాయంటే కారణం ఇదే. ఇంకా, క్యాంపర్ పై భాగం అల్యూమినియం రేకులు, ఫైబరు. వాటికి రివిట్టు కొట్టి ల్యాంపు బిగిస్తే ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది? ప్రతి ల్యాంపుకూ విడిగా ఎర్త్ వైరు లాగండి. వంద రూపాయల వైరుకు చూసుకోవద్దు.

రంగుల విషయంలో మన దగ్గర ఒక ప్రత్యేకమైన గొడవ ఉంది. ఏడు పిన్నుల పద్ధతిలో పసుపు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ కుడి ఇండికేటర్, ఎరుపు బ్రేకు, గోధుమ రంగు కుడి టెయిల్, నలుపు ఎడమ టెయిల్, నీలం ఫాగ్ లైటు, తెలుపు ఎర్త్. మన మెకానిక్‌లకు నలుపంటే ఎర్తే. చిన్నప్పటి నుంచి అట్లాగే నేర్చుకున్నాం. నల్ల వైరు తీసుకుపోయి చాసిస్‌కు బిగిస్తారు. పగలంతా బాగుంటుంది. సాయంత్రం లైట్లు వేయగానే ఫ్యూజు టప్పున పోతుంది, ఎడమ టెయిల్ నేరుగా షార్ట్ అయింది కాబట్టి. అమెరికా నుంచి తెప్పించిన వైరింగ్ కిట్టు అయితే ఇంకో లెక్క. దాంట్లో గోధుమ రంగు రెండు టెయిళ్ళకూ కలిపి, నీలం ట్రైలర్ బ్రేకుకు, నలుపు బ్యాటరీ ప్లస్‌కు. తెలుపు మాత్రం రెండింటిలోనూ ఎర్తే, అదొక్కటీ మన అదృష్టం. కాబట్టి రంగు చూసి నమ్మొద్దు, బల్బు పెట్టి నమ్మండి. పిన్నులు లెక్కపెట్టేటప్పుడు కూడా పక్కన అచ్చువేసిన అంకె చదవండి. సాకెట్టులో ఎడమవైపు ఉన్నది ప్లగ్గులో కుడివైపు వస్తుంది, వరస చూసి వేస్తే తప్పుతుంది.

ఫ్యూజు పోతూనే ఉంటే ఏం చేయాలి? ఒకటి వేస్తే ఒకటి పోతుంది, డబ్బా ఖాళీ అవుతుంది. అప్పుడు సిగరెట్టు పెట్టెలోని రేకు చుట్టేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్యూజు పోవడం ఆగి వైరు కాలడం మొదలవుతుంది. క్యాంపర్ లోపల పరుపులూ ప్లైవుడ్డూ ఉంటాయి. దానికి బదులు ఫ్యూజు తీసేసి, ఆ రెండు కాళ్ళ మధ్య 21 వాట్ల బల్బు కలపండి, టెయిల్ బల్బులు హోల్డర్లలోంచి తీసేయండి. షార్ట్ ఉన్నంతసేపూ మీ బల్బు ధగధగా వెలుగుతుంది, కానీ రెండు ఆంపియర్లకు మించి పోదు, ఏదీ కాలదు. ఇప్పుడు తీరిగ్గా ట్రైలర్ కిందికి దూరి వైరు కదిలించుకుంటూ పోండి. ఎక్కడ కదిలిస్తే బల్బు ఆరుతుందో అక్కడే వైరు ఇనుముకు రాసుకుంది. ఎక్కువగా ఇది యాక్సిల్ దగ్గర, చాసిస్ రంధ్రంలోంచి రబ్బరు బుష్ లేకుండా వైరు దూరిన చోట దొరుకుతుంది. ఎలుక కొరికిన చోట కూడా. పొలం పక్క షెడ్డులో పెట్టేవాళ్ళు తీయబోయే ముందు ఒకసారి టార్చి వేసి చూసుకోండి.

బల్బుల గురించి ఎక్కువ చెప్పను. రెండు ఫిలమెంట్ల బల్బుకు పక్కనుండే మొలలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, ఒక్క ఫిలమెంటు బల్బుకు సమానంగా ఉంటాయి. దొరకలేదని ఒక్క ఫిలమెంటుది రెండోదాని హోల్డర్‌లో బలవంతంగా తిప్పి పెడితే, దాని అడుగున ఉన్న ఒకే బొడిపె రెండు కాంటాక్టులనూ కలిపేస్తుంది. అప్పుడు టెయిల్ లైట్లు వేస్తే బ్రేకు లైట్లు కూడా వెలుగుతాయి, బ్రేకు తొక్కితే టెయిల్ లైట్లు వెలుగుతాయి. ఇది ఎర్త్ జబ్బు లాగే కనబడుతుంది కానీ లైట్లు డిమ్‌గా ఉండవు, నిండుగా వెలుగుతాయి. అదే గుర్తు.

డిమ్ అన్నాను కాబట్టి వైరు మందం గురించి చెప్పాలి, ఇక్కడ చాలామంది డబ్బు మిగుల్చుకోబోయి నష్టపోతారు. బ్రేకు రెండు 21 వాట్లు, హజార్డ్ (రెండు వైపుల ఇండికేటర్లూ ఒకేసారి) వేస్తే ఇండికేటర్లు రెండు 21 వాట్లు, టెయిల్, నంబరు ప్లేటు కలిపితే వంద వాట్ల దాకా వస్తుంది. సుమారు 8 ఆంపియర్లు. ప్లస్ వైపు ఇది పంచుకుని పోతుంది, తిరిగి వచ్చేది మాత్రం మొత్తం ఆ ఒక్క తెల్ల వైరులోనే. ఆరు మీటర్ల పొడవు అనుకోండి. అర చదరపు మిల్లీమీటరు వైరు వేస్తే దాంట్లోనే 1.7 వోల్టులు పోతాయి. ఒక చదరపు మిల్లీమీటరు వేస్తే 0.8. రెండున్నర వేస్తే 0.35. పోతే పోయింది ఒక వోల్టే కదా అనిపిస్తుంది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు ముప్పై శాతం తగ్గుతుంది. అంటే 12 ఉండాల్సిన చోట 10.8 వస్తే మూడో వంతు వెలుగు పోయినట్టే. అందుకే మిగతావి ఒక చదరపు మిల్లీమీటరు వేసినా, తెల్లది మాత్రం రెండున్నర వేయండి.

(సభలో ఒకరు: "ఎల్ఈడీ ల్యాంపులు వేస్తే ఈ బాధ ఉండదు కదన్నా?")

వైరు బాధ తగ్గుతుంది, నిజమే. కరెంటు తక్కువ లాగుతాయి, అదురుడికి ఫిలమెంటు తెగే భయం లేదు. నేను కూడా అవే వేయమంటాను. అయితే రెండు చిక్కులు. కారులో ఇండికేటర్‌ను కొట్టించే ఫ్లాషర్, బల్బు పోయిందనుకుని దాన్ని గబగబా కొట్టిస్తుంది, కారు బల్బులు కూడా ఎల్ఈడీకి మార్చినప్పుడు ముఖ్యంగా. ఎల్ఈడీకి తగిన ఫ్లాషర్ వేసుకుంటే సరిపోతుంది. కంప్యూటర్ ఉన్న కార్లలో, బల్బు బాగుందా లేదా చూడటానికి అది చిన్న చిన్న పల్సులు పంపుతూ ఉంటుంది. ఆ పల్సులకు ట్రైలర్ ఎల్ఈడీలు ఊరికే మిణుకుమంటాయి. ఆ కార్లలో టెయిల్ ల్యాంపు వైరును కత్తిరించి ట్రైలర్ వైరు కలపనే కలపొద్దు. కారు నుంచి సైగ మాత్రం తీసుకుని, కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి ఫ్యూజుతో తెచ్చుకునే ట్రైలర్ మాడ్యూల్ దొరుకుతుంది. అది పెట్టించండి. లేకపోతే డాష్‌బోర్డు మీద వార్నింగులు వస్తాయి, షోరూమువాళ్ళు వారంటీ గురించి మాట్లాడతారు.

(ఒక మహిళ: "మా క్యాంపర్‌లో రోడ్డు లైట్లు బాగానే ఉన్నాయి. లోపలి లైట్లు, ఫ్రిజ్ ఆన్ చేయగానే డిమ్ అవుతాయి.")

అక్కా, లోపలివి వేరే సంసారం. వాటికి లోపలి బ్యాటరీ. ఫ్రిజ్ ఆన్ చేసి, బ్యాటరీ మీదనే వోల్టేజి చూడండి, ఆ తర్వాత లైటు దగ్గర చూడండి. బ్యాటరీ దగ్గరే 12 కిందికి జారిపోతే బ్యాటరీ చార్జి లేదు, లేదా ముసలిదైంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే, ఏదీ నడవనప్పుడు 12.6 చూపించాలి. బ్యాటరీ దగ్గర బాగుండి లైటు దగ్గర తగ్గితే, ఫ్రిజ్‌కూ లైట్లకూ ఒకే సన్న వైరు వేసి ఉంటారు. ఫ్రిజ్‌కు బ్యాటరీ నుంచి విడిగా మందం వైరు, దాని ఫ్యూజు బ్యాటరీ పక్కనే. ఇంకొకటి అడగాలి, కారు నడుస్తున్నప్పుడు లోపలి బ్యాటరీ చార్జి అయ్యేది ఏ ఎర్త్ మీద?

("ఆ ఏడు పిన్నుల ప్లగ్గులోనే కలిపారు.")

అదీ చూడాల్సిందే. చార్జింగ్ కరెంటు, టెయిల్ లైట్ల కరెంటు రెండూ ఆ ఒక్క మూడో పిన్ను మీద పడితే పిన్ను వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. పదమూడు పిన్నుల ప్లగ్గులో ఇందుకే ఎర్త్‌లు విడిగా ఇచ్చారు. ఏడు పిన్నులదే ఉంచుకుంటే, చార్జింగ్‌కు వేరే రెండు పిన్నుల ప్లగ్గు, వేరే ప్లస్, వేరే మైనస్ పెట్టించుకోండి. ఇక హోటల్ వాళ్ళ దగ్గర 230 వోల్టులు లాగి క్యాంపర్‌లోకి తెచ్చుకునేవాళ్ళు, అది మా పని కాదు, లైసెన్సున్న వైర్‌మన్ పని. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే తెంచేసే బ్రేకరు, లేకుండా మాత్రం స్విచ్చి వేయొద్దు. ఇనుప చాసిస్ మీద తడి కాలితో ఎక్కుతారు మీరు.

ట్రాక్టర్ అన్నలకు ఒక మాట. లైట్లన్నీ బాగుచేసినా, బండి చెడి రోడ్డు పక్కన ఆగినప్పుడు బ్యాటరీ అయిపోతే అన్నీ ఆరిపోతాయి. మోటారు వాహనాల నిబంధనల్లో 104వది ట్రైలర్లకు కూడా వెనక రెండు వైపులా ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలంటుంది. వాటికి ఎర్త్ అక్కర్లేదు, ఫ్యూజు అక్కర్లేదు. మట్టి పట్టినప్పుడు గుడ్డతో తుడిస్తే చాలు.

బయట ఒక క్యాంపర్, ఒక ట్రాలీ నిలబెట్టాం. రెండిట్లోనూ ఒక్కొక్క తప్పు పెట్టి ఉంచాను. ఐటీఐ పిల్లలు బల్బు క్లిప్పులు తీసుకోండి, ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళి వెతకండి. ప్లగ్గు ఊడదీసి మొదలుపెట్టండి.